అన్ని ఉద్యోగాలకీ ఒకటే లడ్డూ

వెలుగు పక్షం, పాడ్యమి

కాలేజీ వారి ఆజ్ఞ ప్రకారం నేను, అనగా పెదపూడి తేజోమూర్తి, ఆఖరి సంవత్సరం విద్యార్థి, నా ఎంపిక దినచర్యను ఈరోజు ప్రారంభిస్తున్నాను. పున్నమి దాకా రాయాలట. ఏ వృత్తి ఎందుకు నచ్చింది, ఏది ఎందుకు నచ్చలేదు, ఏయే అంశాలు బేరీజు వేసుకున్నాం, అన్నీ నిజాయితీగా రాయాలట. దీన్ని ఎవరూ చదవరని సీనియర్లు హామీ ఇచ్చారు కాబట్టి నిజాయితీకి అడ్డేమీ లేదు.

ఇవాళ పొద్దున మా ఊరు లోతుగుంట అంచు మీద పెద్దద్దం తిరిగింది. ఒక పక్షమంతా చీకటి తరవాత సూర్యుడి వెలుగు మా సొరంగం అడుగుదాకా దిగింది. చంద్రుడి మీద కాపురం ఉంటూ తిథులు లెక్కపెట్టుకోవడమేమిటని భూమి నుంచి చూడవచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. వెలుగున్నప్పుడు వెలుగు పక్షం, లేనప్పుడు చీకటి పక్షం. మా తాతలు అలా పెట్టి పోయారు, మాకు సరిపోతోంది. నా అభ్యంతరమల్లా వెలుగుతోనే. చీకట్లో ఇల్లు శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అద్దం తిరగ్గానే గోడల మీద పాచి కనిపిస్తుంది, పచ్చగా, తడిగా, జలుబు చేసిన ముక్కులా మెరుస్తూ. ఆ పాచే మాకు గాలి ఇస్తుంది. ఆ పాచినే గోకి, పిండి, ఆరబెట్టి, వడలు వేసుకుంటాం. పీల్చడానికీ తినడానికీ ఒకటే వస్తువు ఇచ్చిన ఈ ఊరు, చెయ్యడానికి మాత్రం బోలెడు ఉద్యోగాలు చూపించి ఏరుకోమంటోంది.

పున్నమి నాడు 'ఖాయం'. పెద్ద హాల్లో పేరు పిలుస్తారు. వేదిక ఎక్కి, ఏ పని చేస్తామో గట్టిగా చెప్పి, పలక మీద అరచెయ్యి పెట్టాలి. పెట్టాక పదిహేనేళ్ళు మార్చడానికి లేదు. మనిషికి ఒక్కసారే శిక్షణ ఇచ్చే స్తోమత మా ఊరిది.

అమ్మకి బేరీజు అక్కర్లేదు. ఆవిడ అన్నయ్య, మా సుదర్శనం మావయ్య, ఊపిరి శాఖలో అధికారి. ఏకాదశి నాడు రిటైరవుతున్నాడు. ఆ సీటు ఖాళీ అవుతుంది, నా మార్కులకి అందుతుంది కూడా. కుర్చీలో మావయ్య వెచ్చదనం పోకముందే నేను కూర్చోవాలని అమ్మ కోరిక. ఇంకొకరి వెచ్చదనం మిగిలిన కుర్చీ అనగానే నాకు ఒళ్ళు జలదరించింది. దీన్ని మొదటి అంశంగా నమోదు చేస్తున్నాను.

నాన్న దూరంగా మంచు గనిలో ఉంటాడు. ఫోనులో సలహా అడిగితే మీ అమ్మ చెప్పినట్టు చెయ్యమన్నాడు. ఆయన వృత్తిలో పైకి వచ్చిందీ ఆ పద్ధతిలోనే.

తదియ

అనుభవ బిళ్ళలు మొదలయ్యాయి.

ఏ ఉద్యోగం ఎలా ఉంటుందో మాకు తెలిసే దారి ఇదొక్కటే. ఎందుకంటే మా ఊళ్ళో పని సంగతులు పనిచోటు దాటి మాట్లాడకూడదు. దీన్ని గడప మర్యాద అంటారు. మొదట్లో అందరూ ఒకే గొట్టంలో ఉండే రోజుల్లో, పని దగ్గర మొదలైన తగాదా అన్నాల దగ్గరికి వచ్చి, ఒక వర్గం వాళ్ళు రెండో వర్గం వైపు గాలి తూము మూసేశారట. అప్పటి నుంచి పని నుంచి వచ్చినవాడు గడప దగ్గర నోరు పుక్కిలించి లోపలికి రావాలి. ఆ పుక్కిలించిన నీళ్ళు కూడా వృథా పోవు, రేపు అవే తాగుతాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మావయ్య మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు. ఊపిరి శాఖలో ఆయన ఏం చేస్తాడో ఇప్పటికీ తెలియదు.

బిళ్ళని నాలుక కింద పెట్టుకుంటే, దాన్ని ఇచ్చిన ఉద్యోగి ఒళ్ళు కాసేపు మన ఒళ్ళవుతుంది. అతని నోట్లో రుచి, ముక్కుకి తగిలిన వాసన, నడుములో నొప్పి, మనసులో హాయి, చిరాకు, అన్నీ మనవే. ఒక్కో వృత్తికి ఒక్కో బిళ్ళ. చప్పరించి తేల్చుకోవాలి.

ముందు సొరంగం తవ్వేవాళ్ళ బిళ్ళ పెట్టుకున్నాను. మెడలో బరువైన కాగితపు పూలదండ, భుజాల మీద శాలువా, నోట్లో పాచిపిండి లడ్డూ. చెవుల్లో చప్పట్లు. ఎవరో నా గురించి నిస్వార్థం, నిరాడంబరం అంటున్నారు. కళ్ళు చెమ్మగిల్లాయి. తవ్వకం ఇంత బాగుంటుందా అనుకున్నాను.

తరవాత ఉపాధ్యాయుడి బిళ్ళ. దండ, శాలువా, లడ్డూ, నిస్వార్థం. ఆ తరవాత మురుగు శాఖ. ముక్కు మూసుకుని పెట్టుకున్నాను. దండ, శాలువా, లడ్డూ. శాలువా మాత్రం కొంచెం గరుకు. మురుగులో దిగినవాడు కూడా నిరాడంబరుడేనట.

మా క్లాసులో అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఏ ఉద్యోగం తీసుకోవాలో తెలియడం లేదు, అన్నీ అంత గొప్పగా ఉన్నాయి అంటున్నారు. నాకు మాత్రం వికారంగా ఉంది. ఒకే లడ్డూని మూడుసార్లు, ముగ్గురి నోళ్ళతో నమిలితే ఎవరికైనా ఉంటుంది.

పంచమి

బిళ్ళల తీపికి దవడ పన్ను పీకడం మొదలెట్టింది. దంతశాలకి వెళ్ళాను. అక్కడ కెజియా ఉంది. కాలేజీలో నాకంటే ఒక ఏడు ముందు. మా బ్యాచీలన్నిటిలోకీ బాగా నవ్వే మనిషి. పోయినేడు ఖాయం నాడు దంతవైద్యం అని చెప్పి, గెంతుతూ వేదిక దిగింది. ఇక్కడి బరువుకి గెంతితే పైకప్పు తగులుతుంది, తగిలింది కూడా.

ఇప్పుడు నవ్వలేదు. నోరు తెరవమంది. తెరిచాను. చాలాసేపు చూసి, మొహం పక్కకి తిప్పుకుంది.

"పొద్దున పాచివడ తిన్నావు. రాత్రి మిగిలిందే."

అవునన్నాను, నోట్లో అద్దం పెట్టుకుని అనగలిగినంత వరకు.

"నాకు తెలుస్తుందిరా. ఈ గుంటలో ఎవరు ఏం తిన్నారో, ఎవరు పళ్ళు తోముకోకుండా తోముకున్నామని చెబుతున్నారో, అందరిదీ నాకు తెలుస్తుంది. మొన్న ఒక పెద్దమనిషి పళ్ళ సందులోంచి దారం తీశాను. శాలువా దారం. సన్మానంలో లడ్డూతో పాటు శాలువా కూడా కొరికేశాడు."

గడప మర్యాద గుర్తుచేశాను. ఇది పనిచోటే కదా, గడప దాటలేదు అంది. అన్నాక ఇంకొంచెం దగ్గరికి వంగి, అసలు మాట చెప్పింది.

"నేను చప్పరించిన దంతవైద్యం బిళ్ళలో ఒక్క నోరు లేదు తేజా. ఒక్కటంటే ఒక్కటి. దండ ఉంది, లడ్డూ ఉంది. నోరు లేదు."

అప్పుడు వెలిగింది నాకు. తవ్వకం బిళ్ళలో రాయి లేదు. బడి బిళ్ళలో పిల్లలు లేరు. మురుగు బిళ్ళలో మురుగు లేదు. అన్ని బిళ్ళల్లోనూ ఉన్నది ఒకటే రోజు, ఉద్యోగం అయిపోయిన రోజు. ముప్ఫై ఏళ్ళ కాపురం ఎలా ఉంటుందో చెప్పమంటే మాకు శవయాత్ర నాటి పూలు వాసన చూపిస్తున్నారు.

వాసన అలవాటవుతుందా అని అడిగాను. మొదటి నెలే కష్టం, తరవాత ముక్కు ఊరుకుంటుంది అంది కెజియా. "ముక్కు ఊరుకుంది. నేనే ఊరుకోవడం లేదు. మనుషుల్ని చూస్తే నాకు మొహాలు కనబడటం మానేశాయి, నోళ్ళే కనబడుతున్నాయి."

ఇంకా పద్నాలుగేళ్ళు ఉంది ఆమెకి. నా పన్ను మాత్రం ఒక్క పట్టులో పీకేసింది.

సప్తమి

బిళ్ళల గదికి వెళ్ళాను. నళినీకుమారి గారని పెద్దావిడ, ఆ గది అధికారి. నన్ను కూర్చోబెట్టి ఎంతో మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాద నేను భరించలేను. అది కూడా తియ్యగా, జిగటగా ఉంటుంది.

బిళ్ళలన్నీ ఆఖరి రోజునే ఎందుకు తీస్తారని అడిగాను. ఆవిడ జాలిగా చూసింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం పూర్తయ్యేది ఆఖరి రోజునే కదా, ముందే తీస్తే సగం అనుభవమే వస్తుంది కదా, అంది. కానీ యంత్రం పట్టుకునేది ఆ ఒక్క రోజు ఒంటిలో ఉన్నదే కదా అన్నాను. నిజమే అంది. మరి, అన్నాను. ఆ రోజు మనిషి ఖాళీగా కూడా ఉంటాడు, మామూలు రోజుల్లో పని చెడుతుంది, పైగా ఆ రోజైతే కొత్త బట్టల్లో ఉంటాడు, అంది. యంత్రానికి బట్టలెందుకో నాకు అర్థం కాలేదు. ఊరు పుట్టినప్పటి నుంచి ఇదే పద్ధతట. ఇన్నేళ్ళలో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదట. చెయ్యాలంటే పని సంగతి నోరు విప్పి చెప్పాలి. చెప్పడానికి గడప మర్యాద ఒప్పుకోదు. మా పెద్దలు తాళం వేసి, తాళంచెవి లోపల పెట్టారు.

మీరూ బిళ్ళ చప్పరించే ఈ ఉద్యోగంలో చేరారా అని అడిగాను.

"అవును బాబూ. చాలా బాగుంది ఆ రోజు" అంది నళినీకుమారి గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళు గోడ మీద ఏదో వెతికాయి. అక్కడ పాచి తప్ప ఏమీ లేదు.

మామూలు రోజు బిళ్ళ తీయడం అసలు కుదరదా అన్నాను. కుదురుతుందట. ఉద్యోగంలో ఉన్న మనిషి తనకు తానుగా వచ్చి, సాయంత్రం యంత్రం ముందు కూర్చుని, ఈ రోజు తీయండి అని అడగాలట.

"ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తన మామూలు రోజుని ఇంకొకడి నోట్లో పెట్టడానికి ఎవడు ఒప్పుకుంటాడు చెప్పు?"

నవమి

మావయ్య మా ఇంట్లో శాలువా కప్పుకుని చూసుకుంటున్నాడు. సన్మానం శాలువా ముందే ఇచ్చేస్తారు, కొలత సరిపోకపోతే మార్చుకోవడానికి. వినయంగా తల వంచడం, వద్దు వద్దంటూ దండ వేయించుకోవడం సాధన చేస్తున్నాడు. అమ్మ పక్కన నిలబడి ఇంకొంచెం వంచు అన్నయ్యా అంటోంది. అచ్చం పెళ్ళికొడుకుని చేస్తున్నట్టుంది. 

అడిగేశాను. రేపు దశమి, నీకు మిగిలిన ఆఖరి మామూలు రోజు అదే, అది నాకివ్వు మావయ్యా, అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. పదిహేనేళ్ళు నేను కూర్చోబోయే కుర్చీ కదా, కూర్చునే ముందు ఒకసారి తడిమి చూసుకుంటానన్నాను.

అమ్మ గరిటె కింద పెట్టింది. గడప లోపల పని మాట ఎత్తుతావా, సిగ్గు లేదా, అయినవాళ్ళని బట్టలిప్పి చూపించమంటావా అని మొదలెట్టింది. మావయ్య ఆవిణ్ణి ఆపి, సన్మానం రోజు బిళ్ళ ఎలాగూ వస్తుంది కదరా, అది చప్పరించు అన్నాడు. ఆ లడ్డూ రుచి నాకు తెలుసన్నాను.

ఆయన శాలువాని మడతపెట్టాడు, చాలాసేపు, అంచుకి అంచు కలిపి.

"మామూలు రోజు నేను నీకు నచ్చన్రా" అన్నాడు.

భోంచెయ్యకుండా వెళ్ళిపోయాడు. అమ్మ ఆ వడలన్నీ నా పళ్ళెంలో వేసింది. శిక్ష అని వేరే చెప్పలేదు.

ఏకాదశి

పొద్దున్నే పాచి గోకుతుంటే మావయ్య వచ్చాడు. కొత్త బట్టల్లో ఉన్నాడు. నా తడి చేతిలో బిళ్ళ పెట్టాడు. "నిన్నటిది. గిన్నె పక్కన పెట్టుకుని చప్పరించు. మీ అమ్మకి చెప్పకు." అంతే, వెళ్ళిపోయాడు.

స్నానాలగదిలో తలుపు వేసుకుని నాలుక కింద పెట్టుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది చదవకండి. ఎలాగూ చదవరు.

ముందు కుర్చీ. వెచ్చగానే ఉంది, మావయ్య వెచ్చదనమే. ఎదురుగా శాఖ ప్రధానాధికారి. ఆయన జోక్ వేశాడు. నా బుగ్గలు వాటంతట అవే లేచాయి. జోక్ లో నవ్వొచ్చేది ఏమీ లేదు, అయినా లేచాయి. ఇంకో జోక్, మళ్ళీ లేచాయి. దవడ మూలల్లో పుండు మీద ఉప్పు చల్లినట్టు నొప్పి. పాత నొప్పి. అది నిన్న పుట్టింది కాదని ఒంటికి తెలుస్తోంది. తరవాత ఒకాయన సన్మానానికి పొగడ్త రాయాలి. ఆ ఒకాయన అంటే ఈ ఒంటికి అసహ్యం, పేరు రాస్తుంటే వేళ్ళు ముడుచుకుంటున్నాయి. నిరాడంబరుడు అని రాసింది ఆ చెయ్యి. నిస్వార్థపరుడు అని రాసింది. గొంతులోకి పుల్లటి తేన్పు వచ్చింది, ఆ గొంతే మింగేసింది. మధ్యాహ్నం భోజనంలో ప్రధానాధికారి ఎదురుగా కూర్చుని తన పళ్ళెంలోని ముక్క తీసి ఆప్యాయంగా నా పళ్ళెంలో పెట్టాడు. సగం కొరికిన ముక్క. తిన్నాను. బుగ్గలు లేచాయి.

మొదటిసారి గిన్నె అవసరమైంది అక్కడ.

భోజనం తరవాత తనిఖీ అని చెప్పి మావయ్య కిందికి దిగాడు, జల్లెడ గదికి. ఊళ్ళో అందరూ వదిలిన ఊపిరి పాచి తొట్లకి వెళ్ళేటప్పుడూ, తాజాగా వీధులకి తిరిగి వచ్చేటప్పుడూ అక్కడి జల్లెడల గుండానే పోతుంది. మా వెంట్రుకలు, చుండ్రు, చర్మం పొట్టు, గోళ్ళ ముక్కలు, వంటింటి నూనె ఆవిరి, తుమ్ములు, అన్నీ ఆ జల్లెడలకి పట్టుకుని, బూడిదరంగు బొంతలా పెరుగుతాయి. ఊరంతా కలిసి ఒకే దుప్పటి కప్పుకుని, అదే దుప్పట్లో చీది, దాన్ని తడిగా మడిచి పెట్టినట్టు వాసన. అక్కడ పనిచేసేవాళ్ళు అధికారిని చూసి అలవాటుగా పక్కకి జరిగారు. మావయ్య చొక్కా చేతులు పైకి మడిచి, ఒక గోకుడు రేకు తీసుకున్నాడు.

రెండోసారి గిన్నె.

బొంతని చేత్తో పట్టుకుని లాగాడు. జిడ్డుగా, వెచ్చగా, బతికి ఉన్నదానిలా ఊడి వచ్చింది. ఎవరిదో పొడుగాటి జడ వెంట్రుక మణికట్టుకి చుట్టుకుంది. నేను ఏడుస్తున్నాను, నా కళ్ళతో. మావయ్య ఏడవడం లేదు. కాసేపటికి ఒక సంగతి గమనించాను. వాసన లేదు. ముక్కు ఊరుకుంది. రేకు కింద తీగలు ఒక్కొక్కటే తెల్లగా బయటపడుతున్నాయి. ఒక జల్లెడ పూర్తిగా శుభ్రమైనప్పుడు దాని గుండా గాలి బిగువు వీడి పోయింది. ఆ గాలితో పాటు మావయ్య భుజాలు కిందికి దిగాయి. బుగ్గలు దిగాయి. ఇంతకాలం ఆ బుగ్గలు ఎంత ఎత్తున ఉన్నాయో అవి దిగాకే తెలిసింది. ఆ గంటలో ఆయన దేని గురించీ ఆలోచించలేదు.

తరవాత చేతులు కడుక్కుని పైకి వచ్చాడు. కుర్చీ. జోక్. బుగ్గలు లేచాయి. దవడ నొప్పి మొదలైంది. ముక్కులా అది ఊరుకోలేదు. బిళ్ళలోని సాయంత్రం దాకా చూశాను, ఊరుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం సన్మానానికి వెళ్ళాం. ప్రధానాధికారి మాట్లాడాడు. వేదిక మీద ఎవరూ జల్లెడ మాట ఎత్తలేదు. దండ వేస్తుంటే మావయ్య వినయంగా తల వంచాడు, అమ్మ చెప్పిన వంపులో. నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నా దవడ పట్టుకుని కూర్చున్నాను.

త్రయోదశి

బేరీజు పూర్తయింది. వృత్తి మార్గదర్శకుల పాఠంలో జీతం, గౌరవం, అభిరుచి, ఎదుగుదల అని నాలుగు నేర్పారు. నాకు మిగిలింది ఒక్కటే ప్రశ్న. ప్రతి ఉద్యోగంలోనూ ఒక రోత ఉంటుంది. కొన్నిటికి ముక్కు అలవాటు పడుతుంది, కొన్నిటికి ఏళ్ళు గడిచినా పడదు. మనకి పడనిది ఏదో తెలుసుకుని దాన్ని తప్పించుకోవాలి.

జల్లెడ పనిలో చేరతానని అమ్మకి చెప్పాను. గోకేవాడిగా. దానికి సీట్లు ఎప్పుడూ ఖాళీయే.

 అమ్మ అన్ని రకాలుగానూ మాట్లాడింది. గోకుడు పనికేనా నిన్ను అంతవరకు చదివించింది అంది. నలుగురు అడిగితే ఏమని చెప్పుకోవాలి అంది. గడప మర్యాద ఉంది కదా, చెప్పుకోనక్కర్లేదు అన్నాను. ఆ జోక్ కి ఎవరి బుగ్గలూ లేవలేదు. అమ్మ మావయ్యని పిలిపించింది.

అమ్మ అటు వెళ్ళాకైనా మావయ్య నా పక్షం వస్తాడనుకున్నాను. రాలేదు.

"నీకు చూపించింది నువ్వు కిందికి దిగుతావని కాదురా. గంట దిగితే అది ఆటవిడుపు. రోజంతా దిగితే అదే ఉద్యోగం. నేనూ అక్కడ మొదలైనవాణ్ణే. పదిహేనేళ్ళ గడువు తీరాక పైకి రావడానికి ఎన్ని కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలీదు."

"పైకొచ్చాక కిందికి పోవడానికి రోజూ గంట దొంగతనం చేశావు కదా మావయ్యా."

 ఆ దొంగతనంలోనే రుచి ఉందేమో ఆలోచించు అన్నాడు. న్యాయమైన మాట. నేను చూసింది ఒక్క రోజు, అందులో ఒక్క గంట. ఆఖరి రోజుని చూసి ఎంచుకునేవాళ్ళని వెక్కిరించిన నేను ఒక గంటని చూసి ఎంచుకుంటున్నాను. పదిహేనేళ్ళ తరవాత నా వయసు, నా వాసన తలుచుకుంటే భయం వేసింది. రెండు రోజులు తిండి సయించలేదు. అయినా ఆ బొంతని తలుచుకున్నప్పుడు కడుపు తిప్పి, కాసేపటికి ఆగుతోంది. ఆ సగం కొరికిన ముక్కని తలుచుకుంటే మాత్రం ఆగడం లేదు.

పున్నమి

ఖాయం అయింది.

నా ముందు పిలిచినవాళ్ళందరూ లడ్డూల మత్తులో గట్టిగా చెప్పి చెయ్యి పెట్టారు. ఒక్కొక్కరికీ చప్పట్లు. మా క్లాసులో అతి పిరికివాడు సొరంగం తవ్వకం అన్నాడు. రాయి మొహం చూడని ధైర్యం అది. ఆపుదామనిపించింది. ఆపితే గడప మర్యాద, పైగా వాడు అంత సంతోషంగా ఉన్నాడు. ఆపలేదు. ఈ పక్షంలో నాకు నా మీద కలిగిన రోత ఇదే, దీన్నీ నమోదు చేస్తున్నాను.

నా పేరు పిలిచారు. "జల్లెడ పని" అన్నాను.

పిలిచేవాడు అప్పటికే 'ఊపిరి శాఖ అధికారి' అనే మాట నోట్లో సిద్ధం చేసుకున్నట్టున్నాడు. నోరు తెరిచి ఆగిపోయాడు. "అధికారి కదా బాబూ?"

"కాదండీ. గోకే పని."

వెనక ఎవరో నవ్వారు. ముందు వరసలో ప్రధానాధికారి కూడా, యువత తమాషాగా మాట్లాడుతుంది అన్నట్టు, నవ్వాడు. ఆయన నవ్వగానే ఆ వరసంతా నవ్వింది. నా బుగ్గలు కదలబోయాయి. కదలనివ్వలేదు. అరచెయ్యి పలక మీద పెట్టాను. పలక చల్లగా, అంతకుముందు పెట్టినవాళ్ళ చెమటతో జిడ్డుగా ఉంది.

చప్పట్లు లేవు. అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె ఖాళీ చేసిన కుర్చీ పక్కన మావయ్య కూర్చుని ఉన్నాడు. చప్పట్లు కొట్టలేదు, తల ఊపలేదు, నవ్వలేదు. నన్ను చూస్తున్నాడు. ప్రధానాధికారి రెండోసారి నవ్వినప్పుడు కూడా ఆయన నవ్వలేదు. నాకా బుగ్గలు లోపలి నుంచి తెలుసు. అవి నొప్పి పెట్టడం లేదు.

చీకటి పక్షం, సప్తమి

ఈ దినచర్య అప్పగించే గడువు దాటిపోయింది. అడిగినవాడు లేడు. ఊరికే రాస్తున్నాను.

జల్లెడ గదిలో చేరి వారం. మొదటి రోజు మూడుసార్లు కక్కుకున్నాను. కక్కింది కూడా మేమే ఎత్తాలి, అదీ ఒక శిక్షణ. నాతో పనిచేసేవాళ్ళు చదువుకున్నవాడు వచ్చాడని సంబరపడి, పైనుంచి ఊడిన పెద్ద బొంతలన్నీ నాకే వదిలారు. వాళ్ళు వెయ్యి అసహ్యమైన సంగతులు చెప్పుకుని పగలబడి నవ్వుతారు. ఆ నవ్వు ఎవరి కోసమూ కాదు. అయితే నడుము నొప్పి ఉంది. చర్మం దురద ఉంది. ముక్కు ఇంకా పూర్తిగా ఊరుకోలేదు. మావయ్య చెప్పిన గంట దాటాక రెండో గంటలో ఏ హాయీ లేదు, మూడో గంటలో విసుగు, సాయంత్రానికి ద్వేషం. పొరపాటు చేశానా అని రోజూ ఒకసారి అనుకుంటున్నాను. ఏదో ఒక జల్లెడ శుభ్రమైనప్పుడు ఆ అనుకోవడం కాసేపు ఆగుతోంది. ప్రస్తుతానికి నా దగ్గరున్న నిజాయితీ ఇంతే.

అమ్మ మాట్లాడటం లేదు. పళ్ళెం పెడుతుంది, తీస్తుంది.

ఇవాళ మా వీధి తూముకి ఉన్న జల్లెడ నా వంతు వచ్చింది. బొంత లాగితే రేకు అంచుకి ఒక వెంట్రుక అతుక్కుంది. మొదలు తెల్లగా ఉంది, చివర ఎర్రగా. ఈ గుంటలో బీట్‌రూట్ రసం తలకి పట్టించుకునేది మా అమ్మ ఒక్కతే. కాసేపు పట్టుకుని చూశాను. జిడ్డుగా, దుమ్ముగా, పక్కింటివాళ్ళ చుండ్రుతో కలిసి, అందరిదీ ఎంత రోతగా ఉంటుందో అంతే రోతగా ఉంది. మిగతా చెత్తతో పాటు బస్తాలో వేసి, తీగలు తెల్లబడేదాకా గోకాను.

గాలి బిగువు వీడి, మా వీధి వైపు మెత్తగా పోయింది. నాతో మాట్లాడకపోయినా ఊపిరైతే పీల్చాలి కదా.